టెన్నిస్ కప్పు గెలిచిన ఆమె

నవంబరు 21, శుక్రవారం. రామగుండం స్టేషను వెయిటింగ్ రూము. ఉన్నవారు: నేను, నిద్రపోతున్న ఒక ముసలాయన, యాభై ఏళ్ల ఒక ఆమె.

మా బొగ్గు గనుల కాలనీ క్లబ్బులో ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న ఆడవాళ్ల టెన్నిస్ పోటీల చరిత్ర రాయమని నన్ను అడిగారు. నేను రాసిన విజేతల జాబితాను సరిచూసుకుంటున్నాను. పక్కన కూర్చున్న ఆమె వంగి చూసి ఒక పేరు మీద వేలు పెట్టింది.

“ఈ కప్పు నేను గెలిచిన సార్.”

అక్కడున్నది ఒక మేనేజరు భార్య పేరు.

“ఫైనల్ నాడు ఆ అమ్మకు కాలు బెణికింది. నేను కోర్టుల బంతులు ఏరుకుంటనే ఆట నేర్చిన. బొగ్గుబాయిల డ్యూటీకి రానోని జాగల బదిలీ మనిషిని దింపినట్టు, ఆమె పేరు మీద నన్ను దింపిన్రు. మా నాయన ఆ సారు కిందనే పనిచేస్తుండె. ఎట్ల కాదంట?”

“మరి కప్పు?”

“వాళ్లింట్లనే ఉన్నది. నాకు ఆమె కట్టి విడిచిన చీర ఇచ్చిన్రు. కొంగుకు కూర మరక గూడ పోలె.”

ఆమె నవ్వింది. అప్పటిదాకా నేను ఆ జాబితాను ఎంత పొందికగా రాశానో అని మురిసిపోతూ ఉన్నాను.

“మా బిడ్డ నమ్ముతలేదు సార్. పుస్తకంల నా పేరు రాయరాదుండ్రి?”

తప్పక రాస్తానన్నాను. ఇంతలో బండి రావడంతో ఆమె పరుగెత్తింది.

మర్నాడు పొద్దున క్లబ్బు కార్యదర్శిని నిలదీశాను.

“అప్పట్ల గట్లనే నడిచేది సార్, మాకు తెల్వదా?” అన్నాడు అగ్గిపుల్లతో పళ్లు కుట్టుకుంటూ. నేను వదల్లేదు. చివరికి విసుగ్గా పెన్ను తీసి, “సరే, ఆమె పేరేంది? చెప్పుండ్రి,” అన్నాడు.

నేను అడగనే లేదు.