రాగి ఎడమకే తిరుగుతుంది

రేణు ఎవరిని చూసినా మొదట ముఖం చూడదు. మోచేతి మడత చూస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లుగా అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని ఆమెది. చీకటి ఉండగానే లేచి, ఆరింటికల్లా తెల్లకోటు వేసుకుని నిలబడుతుంది. పేరు అడుగుతుంది. పుట్టినతేదీ అడుగుతుంది. గాజుగొట్టం మీది చీటీతో రెండూ సరిచూసుకుని సూది దించుతుంది. "అయిపోయిందా, తెలియనే లేదు" అంటారు జనం. తన గురించి ఆమె గొప్పగా అనుకునేది అదొక్కటే.

కుక్క వచ్చిన రోజు కూడా ఆమె ముందు చూసింది దాని కాళ్లే. చర్మం పల్చటి కాగితంలా ఉంది. కింద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. రబ్బరు పట్టీ కట్టకుండానే, వెలుతురు లేకుండానే సూది దించవచ్చు. అలాంటి నరాలు ఆమె ఏ మనిషికీ చూడలేదు. చెవి తిప్పి చూస్తే లోపల ఆకుపచ్చ పచ్చబొట్టు. ఎడమ చెవిలో ఐదు అంకెలు. కుడి చెవిలో రెండంకెలు, ఒక అక్షరం.

"కుడి చెవిలోది పుట్టిన నెల, సంవత్సరం," అంది డయాన్. పరుగుపందేల నుంచి రిటైరైన గ్రేహౌండ్ జాతి కుక్కలకు ఇళ్లు వెతికిపెట్టే సంస్థ మనిషి ఆవిడ. దేశం ఆ చివర నుంచి వ్యాన్‌లో వచ్చిన కుక్కను దింపి, కాగితాలు బల్ల మీద పరిచింది. పందేల్లో దాని పేరు కాపర్ మెర్సీ. వయసు నాలుగేళ్లు. కుడి వెనక కాలు విరిగి అతుక్కుంది. ఇక పరుగుకు పనికిరాదు.

"కాపర్ అంటే రాగి," అన్నాడు కృష్ణమోహన్. "రాగీ, రారా."

కుక్క రాలేదు. వచ్చిన చోటే నిలబడి ఉంది. కూర్చోలేదు, మొరగలేదు, దేన్నీ వాసన చూడలేదు.

ఇదంతా వాళ్ల అమ్మాయి అనిక ఏర్పాటు. సన్నీవేల్‌లో ఉంటుంది, ఆదివారాలు వచ్చిపోతుంది. ఫిబ్రవరిలో కృష్ణమోహన్‌కి బైపాస్ జరిగింది. శాంటా క్లారాలో చిప్‌లు టెస్ట్ చేసే ఉద్యోగం, ఇప్పుడు మెడికల్ లీవ్. రోజూ నడవమన్నాడు డాక్టర్. అతను నడవలేదు. దగ్గు వస్తే గుండెకు అదిమి పట్టుకోమని ఆస్పత్రిలో ఇచ్చిన ఎర్రటి దిండును ఒళ్లో పెట్టుకుని, కిటికీ పక్కన వాలుకుర్చీలో మూడు నెలలు కూర్చున్నాడు. టీవీ పెట్టేవాడు కాదు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు.

"నాన్నా, నీకు లేవడానికి ఒక రీజన్ కావాలి," అంది అనిక. "వీడే నీ రీజన్."

"రీజన్‌కి నాలుగు కాళ్లున్నాయే," అన్నాడతను.

రేణు వంటింట్లో చేస్తున్న పని ఆపింది. మూడు నెలల తర్వాత అతను వేసిన మొదటి జోకు అది.

డయాన్ షరతు ఒకటే. రెండు వారాలు చూసుకోవాలి. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరూ అవునంటేనే కుక్క ఉంటుంది. ఒక్కరు కాదన్నా వెనక్కి తీసుకుపోతారు. కారణం చెప్పనక్కర్లేదు.

మొదటి రెండు రోజులు ఇంట్లో కుక్క ఉన్నట్టే లేదు. అది కళ్లు తెరుచుకుని నిద్రపోయేది. హాల్లో నడుస్తూ రేణు దాన్ని దాటితే, ఆ కళ్లు ఆమె మీదే ఉండేవి, చూసేవి మాత్రం కావు. గాజు తలుపు ముందు గంటలకొద్దీ నిలబడేది. గాజంటే దానికి తెలియదు. తనకూ పెరడుకూ మధ్య ఏదో ఉందనీ, అది కనబడదనీ మాత్రం తెలిసినట్టుంది.

మూడో రోజు మధ్యాహ్నం, పావుతక్కువ నాలుగుకి, అది తలుపు దగ్గరికి వెళ్లి ముక్కుతో తట్టింది. కృష్ణమోహన్ తీశాడు. పెరట్లో గడ్డి మధ్య రేణు పెట్టుకున్న తులసి కుండీ ఉంది. కుక్క దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పరుగు కాదు, నడకా కాదు. సాగిపోయే అడుగులు. చప్పుడు లేదు. తల దించి, ఒకే దూరంలో, ఒకే వేగంతో. ఇరవై నాలుగు చుట్లు తిరిగి ఆగింది. లోపలికి వచ్చి పడుకుంది.

"ప్రాక్టీస్ చేస్తున్నాడోయ్!" అన్నాడు కృష్ణమోహన్. అతని చెంపల్లోకి రంగు వచ్చింది.

మర్నాడూ అంతే. అదే పావుతక్కువ నాలుగు. ఆ మర్నాడూ అంతే. గడ్డిలో సన్నటి బాట పడింది.

ఐదో రోజు రేణు బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి మాట వినిపించింది. పక్కింటి రాజేశ్వరమ్మ, కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన పెద్దావిడ. కర్రకంచెలో ఒక పలక పగిలి ఉంది. ఆ పగులులో ఆవిడ కన్ను ఒక్కటే కనిపించింది.

"అమ్మాయ్, మీ కుక్కకేమైనా మొక్కుందా?"

"ఏం పిన్నిగారూ?"

"రోజూ ప్రదక్షిణం చేస్తోంది, చూస్తున్నా. కానీ తిరగేసి చేస్తోందేమే? తులసమ్మ కుడిచేతి పక్కనుండాలి కదా. ఇది ఎడమ పక్కన పెట్టుకుని తిరుగుతోంది. అట్లా తిరిగేది ఎప్పుడో నీకు తెలుసుగా."

"కుక్కకేం తెలుసు పిన్నిగారూ."

"దానికి తెలీదు కాబట్టేనమ్మా," అంది ఆవిడ. కన్ను పగులులోంచి తప్పుకుంది.

రేణు తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడింది. అట్లా తిరిగేది ఆమెకు తెలుసు. కరోనా రోజుల్లో ఏలూరులో అన్నయ్య పోయాడు. విమానాలు లేవు. ఫోన్‌లో వీడియో కాల్ చూసింది. మేనల్లుడు భుజాన నీళ్లకుండ పెట్టుకుని, కట్టెల మీది తండ్రిని ఎడమవైపు ఉంచుకుని మూడుసార్లు తిరిగాడు. ఎవరో వెనక నుంచి కుండకు చిల్లు పెట్టారు. నీళ్లు వాడి వీపు మీదుగా కారాయి. సిగ్నల్ పోయి బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ ఆగిన బొమ్మను ఆమె చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

కృష్ణమోహన్‌తో ఆమె ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి ఒక పని మొదలుపెట్టింది. డ్యూటీ నుంచి రెండున్నరకు వస్తుంది. అప్పటికి అతను మేడమీద కునుకు తీస్తుంటాడు. కుక్క మెడకు తాడు తగిలించి పెరట్లోకి తీసుకుపోయేది. నిన్న అది ఎన్ని చుట్లు ఎడమకు తిరిగిందో అన్ని చుట్లూ కుడికి తిప్పేది. ఇరవై ఆరంటే ఇరవై ఆరు. విప్పేసినట్టు. తప్పు పడిన చీటీ తీసేసి సరైనది అంటించినట్టు.

కుక్క ఎదురుతిరగలేదు. కుడికి తిప్పబోతే మాత్రం దాని ఒళ్లు కర్రలా అయ్యేది. లాగితే నడిచేది. మెడ ఎడమకే వాలి ఉండేది. చుట్టు చుట్టుకీ చర్మం కింద వణుకు పుట్టి తాడు గుండా ఆమె చేతిదాకా వచ్చేది. ఆమె లెక్క తప్పకుండా పూర్తిచేసి, కాళ్లు తుడిచి లోపలికి తెచ్చేది. గంట తిరగకుండా పావుతక్కువ నాలుగయ్యేది. అది లేచి వెళ్లి గాజును ముక్కుతో తట్టేది.

విచిత్రమేమిటంటే కృష్ణమోహన్ బాగుపడుతున్నాడు. పొద్దున్నే బూట్లు వేసుకుని రాగితో సందు చివరిదాకా, తర్వాత పార్కుదాకా వెళ్లొస్తున్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడు. అది చూసి ఆమెకు సంతోషం కలగాలి. కానీ ఆరిపోయేముందు దీపం ఎలా వెలుగుతుందో ఆమెకు గుర్తొచ్చేది.

గురువారం సాయంత్రం అతను మెట్లెక్కుతూ మధ్యలో ఆగాడు. అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"ఏమైంది?"

"గ్యాస్. నీ శనగపిండి కూర." నవ్వాడు. తర్వాత మిగిలిన మెట్లు ఎక్కాడు.

ఆ అరచెయ్యి అక్కడ ఎంతసేపు ఉందో రేణు లెక్కపెట్టింది. నాలుగు క్షణాలు.

శుక్రవారం బ్రేక్‌లో ఆమె కార్‌లో కూర్చుని డయాన్‌కి ఫోన్ చేసింది. కుక్క తిరుగుడు గురించి చెప్పింది. తులసి గురించి చెప్పలేదు.

"నూట పదకొండు పందేలు పరిగెత్తాడండీ," అంది డయాన్. "అన్ని ట్రాకులూ ఎడమకే. కుడికి తిరగొచ్చని వాడికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు."

రేణుకు గుండె తేలికపడింది. "మరి రోజూ పావుతక్కువ నాలుగుకే ఎందుకు?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"అది నాకు తెలియదు," అంది డయాన్. "ఆదివారం నాలుగింటికి ఫోన్ చేస్తాను. అవునో కాదో చెప్పండి చాలు."

కాదని చెప్పాలనే రేణు నిశ్చయించుకుంది. అనికకు మాటవరసకు చెబితే ఆ పిల్ల ఫోన్‌లో అరిచింది.

"మమ్మీ, వాడు డాగ్! పంతులుగారు కాదు, రూల్స్ తెలియడానికి. నాన్న ఫేస్ చూశావా అసలు?"

"చూస్తున్నానే. నీకంటే ఎక్కువే చూస్తున్నాను."

"అయితే తులసి పాట్ మూవ్ చెయ్. సింపుల్. మధ్యలో ఏమీ లేకపోతే అది జస్ట్ రన్నింగే కదా?"

ఆ మాట రేణుకు నచ్చింది. ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదా అనుకుంది. శనివారం సాయంత్రం కుండీని నెమ్మదిగా దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చి పెట్టింది. గడ్డి మధ్య గుండ్రటి మట్టిమచ్చ మిగిలింది.

"ఎందుకు మార్చావు?" అన్నాడు కృష్ణమోహన్.

"ముందువైపు ఎండ బాగా తగులుతుందని."

అతను ఆమెను ఒక క్షణం చూసి, లోపలికి నడిచాడు.

ఆ ఆదివారం అనిక రాలేదు. భోజనాలయ్యాక రేణు గిన్నెలు తోముతోంది. చెక్కనేల మీద గోళ్ల చప్పుడు వినబడింది. గోడగడియారం చూడలేదు. తలుపు జరిగిన చప్పుడైంది. తిరగనీ, ఈవేళ తిరగనీ, మధ్యలో ఏముంది గనక, అనుకుంది. చేతులు తుడుచుకుంటూ గాజు దగ్గరికి వచ్చింది.

మట్టిమచ్చ మీద మడతకుర్చీ వేసి ఉంది. అందులో కృష్ణమోహన్. ఎర్రదిండు రొమ్ము మీద ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాడు. నోరు కొద్దిగా తెరిచి ఉంది.

కుక్క అతన్ని ఎడమవైపు ఉంచుకుని తిరుగుతోంది.

గాజు అవతల ఏ చప్పుడూ లేదు. ఆమె తలుపు తీసింది. తీసినా చప్పుడు లేదు. గడ్డిలో అడుగులు కదిలాయి, వినబడలేదు. "ఏవండీ" అంది. అతను కదల్లేదు. ఆమె అడుగు వేసింది. బాట అంచుకు వచ్చి ఆగిపోయింది. కుక్క ఆమెను చూడలేదు, తప్పుకోలేదు, వేగం తగ్గించలేదు. రోడ్డు దాటేవాళ్లలా ఆమె అది పోయేదాకా నిలబడి, ఆ ఖాళీలో లోపలికి దాటింది.

మోకాళ్ల మీద కూలబడి అతని మణికట్టు అందుకుంది. రెండు వేళ్లు పెట్టింది. ఇరవై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆమె వేళ్లకు నాడి దొరకలేదు. పైకి జరిపింది. కిందికి జరిపింది. వెనక నుంచి గాలి తాకి పోయింది.

అప్పుడు దొరికింది. నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా కొట్టుకుంటోంది.

"రక్తం తీస్తావా?" అన్నాడతను కళ్లు తెరవకుండానే. "ఫాస్టింగ్ కాదు. ఇప్పుడే మామిడికాయ పప్పుతో తిన్నాను."

"లేవండి. లోపలికి రండి."

"ఎందుకు?"

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని లేపబోయింది. అతను కళ్లు తెరిచాడు.

"మేడమీద కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నా," అన్నాడు. "నువ్వు వాణ్ణి కుడికి తిప్పడం. ఎందుకో కూడా తెలుసు. మీ అన్నయ్య వీడియో నువ్వొక్కదానివే చూశావా? నీ వెనకాల నేను లేనూ?"

"తెలిసి ఇక్కడొచ్చి కూర్చున్నారా?"

"ఎండ బాగుంది."

"నిజం చెప్పండి. భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది." అతను దిండు సర్దుకున్నాడు. "వీడు ఎందుకు తిరుగుతాడో, దేన్ని చూసి తిరుగుతాడో నాకు తెలియదు రేణూ. కానీ వీడు వెళ్లిపోతే నేను మళ్లీ ఆ కిటికీ పక్క కుర్చీలోకి పోతాను. నా సంగతి నాకు తెలుసు. దానికి ఇంకా భయం వేస్తోంది."

ఆమె దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మూడు నెలల ఆ కుర్చీ కళ్లముందుకు వచ్చింది. అతను అందులో బతికే ఉన్నాడు. ఆ మణికట్టు అప్పుడూ ఆమె రోజూ పట్టుకుని చూసింది. అప్పుడూ ఇలాగే కొట్టుకుంది.

జేబులో ఫోన్ మోగింది. నాలుగయింది.

"హలో రేణూ," అంది డయాన్. "కృష్ణ నిన్ననే అవునన్నారు. ఇక మీ మాటే."

కారణం చెప్పనక్కర్లేదు. ఒక్క మాట. రేపు వ్యాన్ వస్తుంది, ఈ బాట మీద మళ్లీ గడ్డి మొలుస్తుంది. రేణు కుక్క వైపు చూసింది. మామూలుగా ఈపాటికి అది ఆగేది. ఇవాళ ఆగలేదు. రాగిరంగు డొక్క లోపల దాని గుండె కొట్టుకోవడం పైకే కనబడుతోంది.

ఆమె ఆ బాట దాటి బయటికి వెళ్లలేదు. కుర్చీ పక్కన గడ్డి మీద సర్దుకుని, మఠం వేసుకుని, అతని కాలికి భుజం ఆనించి కూర్చుంది. ఇప్పుడు కుక్క ఎవరి చుట్టూ తిరిగినా ఇద్దరి చుట్టూ తిరగాలి.

"ఉండనీయండి," అంది ఫోన్‌లో. "మా దగ్గరే ఉండనీయండి."

డయాన్ ఏదో సంతోషంగా అంటోంది. రేణు ఫోన్ గడ్డిలో పెట్టేసింది. కృష్ణమోహన్ చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది. కుక్క తిరుగుతూనే ఉంది. వెనక నుంచి దాటినప్పుడల్లా ఆమె వీపుకు సన్నగా గాలి తగులుతోంది. ఒకసారి తగిలి పోతుంది. మళ్లీ వస్తుంది.