గట్టిగా కుట్టిన బ్యానరు

మా పెద్దోడు పోయాడు. కువైట్‌లోని అబ్బాసియాలో పొద్దున్నే బండి తుడుస్తూ, అలుపొచ్చినట్టు మెట్టు మీద కూర్చున్నాడట, ఇక లేవలేదట. ఆ కబురు ఫోన్లో చెప్పింది వాడి రూములోనే ఉండే జగిత్యాల మనిషి. "అమ్మా, ముందుగాల కూసో. కూసున్నవా? కూసున్నంకనే చెప్త" అన్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఈ రాసిన దాంట్లో తప్పులు మనవరాలు దిద్దింది. వాడు మంచి డ్రైవరని, అడిగినవాళ్ళకు కాదనలేడని వచ్చినవాళ్ళందరూ చెప్పారు. అది మీకూ తెలుసు. నేను రాయాలనుకున్నది వాడి ఆట పిచ్చి గురించి. కడప జిల్లాలో పుట్టినవాడికి ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ మీద అంత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ వింతే.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి రాకముందు మేమిద్దరం ఖైతాన్‌లో ఒక గదిలో ఉండేవాళ్ళం. ఒక ఆస్ట్రేలియా ఇంజనీరు ఇంట్లో నాది వంట, వాడిది డ్రైవరు పని. అరబ్బు ఇళ్ళలో యజమానురాలిని అలాగే పిలిచే అలవాటు కొద్దీ ఆ ఇంటామెను మొదటి రోజు 'మామా' అన్నాను. ఎవరిని పిలుస్తున్నానో అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత మేడం అన్నాను.

శుక్రవారం వస్తే ఊళ్ళో ఉన్న ఆస్ట్రేలియా వాళ్ళందరూ ఒక ఇసుక మైదానంలో చేరేవాళ్ళు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. మైదానం కూడా కోడిగుడ్డులాగే గీస్తారు. రెండు కొసల్లో నాలుగేసి గుంజలు. డాక్టరు కోటు, టోపీ వేసుకున్న ఒకాయన గుంజల దగ్గర నిలబడి జెండాలు ఊపుతాడు. నడిమి గుంజల మధ్య పోతే ఆరు మార్కులు, పక్కకు పోతే ఒకటి.

"తప్పినోనికి గూడా మార్కేందిరా?" అన్నాను.

"దగ్గరికైతే పొయినాడు కదమ్మా" అన్నాడు వాడు, ఏదో వాడే కనిపెట్టినట్టు.

ఆడేవాళ్ళ కంటే చూసేవాళ్ళే నాకు వింతగా తోచేవాళ్ళు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే ఆయన, పైపులు బిగించే ఆయన ఒకే రంగు మఫ్లరు కట్టుకొని పక్కపక్కన నిలబడి గొంతు పోయేలా అరిచేవాళ్ళు. ఆ ఎండలో ఉన్ని మఫ్లరు! గెలిస్తే అందరూ భుజాల మీద చేతులేసుకొని పాడేవాళ్ళు. మావాడికీ ఎవరో ఎరుపు, నలుపు చారల మఫ్లరు ఇచ్చారు. ఆ రోజు నుంచి వాడు ఆ జట్టు మనిషైపోయాడు.

ఒకసారి మేడం రంగు కాగితాలు, టేపు తెచ్చి, పెద్ద బ్యానరు చేయడానికి సాయం చేయమంది. ఆడవాళ్ళం వారమంతా కూర్చుని అతికించాం. చివరి రోజు దాన్ని మా గదికి తెచ్చుకున్నాను. కాగితం చూస్తే పలచన, బయట చూస్తే గాలి. నా మనసు ఒప్పలేదు. పాత దుప్పటి ఒకటి వెనక వేసి, చుట్టూ మడిచి, అడ్డంగా నిలువుగా మిషను మీద రెండేసి కుట్లు వేశాను.

మర్నాడు ఇద్దరు దాన్ని రెండు కర్రలకు కట్టి పట్టుకున్నారు. ఆటగాళ్ళు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి దాన్ని ఢీకొన్నారు. ముందున్న లావుపాటాయన వల్లో పడిన చేపలా చుట్టుకొని వెల్లకిలా పడ్డాడు. వెనకవాళ్ళు ఆయన మీద పడ్డారు. జనం నేల మీద కూర్చుని నవ్వారు.

"అయ్యో అమ్మా, అది చించుకొని పోవాల్సిందే!" మావాడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "నీ కుట్టు దాటి యెవురు పోతారు చెప్పు?"

"చించేదానికైతే వారం దినాలు ఎందుకు చేపించినారు?"

"వాళ్ళ దేశంలో గూడా అంతేనమ్మా. జనమంతా కూచోని చేస్తారు. ఆటగాళ్ళు చించుకొని బయటికొస్తే, మా చేతుల్లోంచి పోయినార్లే అని సంబరం."

ఆ మాట నా తలకెక్కలేదు. చిరగకుండా చేయడమే కదా కుట్టు? 'నీ కుట్టు దాటి ఎవరు పోతారు' అన్నది మాత్రం వాడికి ఊతపదమైపోయింది. పెళ్ళి విషయంలో నేను పట్టుబట్టినా అదే మాట అనేవాడు.

ఆ వేసవిలో ఇరాక్ సైన్యం వచ్చింది. మేడం సెలవులకు వాళ్ళ దేశం పోయి ఉంది. ఇంజనీరు సార్ ఒక్కడే చిక్కుకుపోయాడు. సైనికులు తెల్లవాళ్ళను బందీలుగా పట్టుకోడానికి ఇళ్ళు వెతుకుతున్నారు. మావాడు రోజూ సంచిలో ఖుబూస్ రొట్టెలు పెట్టుకొని, రెండు చెక్‌పోస్టులు దాటి ఆయన దగ్గరికి పోయేవాడు. శనివారం పొద్దున మాత్రం ఎంతసేపటికీ వచ్చేవాడు కాదు. వాళ్ళ దేశంలో అప్పుడు ఆట నడుస్తుంది, ఇద్దరూ రేడియో చెవికి ఆనించుకొని వింటారు.

"ప్రాణాల మీదికొచ్చింటే ఆటేందిరా మీకు?"

"ఆ కాసేపే సార్ మొగం మామూలుగా ఉంటాదమ్మా."

మనవాళ్ళను జోర్డాన్‌కు దాటించే బస్సులు బయలుదేరాయి. వాడు రానన్నాడు. నేను మూట మీద కూర్చుని, "నువ్వెక్కితేనే నేనెక్కుతా" అన్నాను. రెండు బస్సులు మా ముందే పోయాయి. చివరికి సార్ పక్కింటి పాలస్తీనా వాళ్ళు ఆయన్ని చూసుకుంటామని మాటిచ్చారు, సారే వీణ్ణి తిట్టి పంపాడు. అప్పుడు ఎక్కాడు. ఆ చలికాలంలో సార్ కూడా ఇల్లు చేరాడని తర్వాత తెలిసింది.

సరిహద్దు ఎడారిలో నీడ లేదు. నేను గిన్నెలు మూటకట్టింది చిరగకుండా మిగిలిన ఆ బ్యానరులోనే. విప్పి నాలుగు కట్టెలకు కట్టాం. దాని కింద మాతోపాటు ఎవరెవరో చేరారు. అక్కడే ఈ జగిత్యాల మనిషి పరిచయమయ్యాడు.

"గిదేందమ్మా, ఏ పార్టీ జెండా ఇది?" అన్నాడు తలెత్తి చూసి.

"మావాని ఆటది నాయనా."

"గిసుంటి కష్టంల గూడ ఆటనా!" అని నవ్వాడు. సాయంత్రానికి తనే లుంగీ ఉండచుట్టి బంతి చేశాడు. కడప వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు కలిసి, ఉద్యోగం పోయింది, సామాను పోయింది అని ఏడ్చినవాళ్ళే, ఇసుకలో పాతిన గుంజల వైపు పరుగెత్తారు. పక్కకు పోయినప్పుడల్లా మావాడు "ఒకటీ!" అని అరిచేవాడు. బయలుదేరేటప్పుడు బ్యానరు కొత్తగా వచ్చినవాళ్ళకు వదిలేశాం. ఎక్కడా కుట్టు ఊడలేదు.

కువైట్ కుదుటపడ్డాక వాడు, జగిత్యాల మనిషి ఇద్దరూ మళ్ళీ పోయారు. శనివారం పొద్దున నాకు ఫోన్ చేసేవాడు కాదు. సెల్‌ఫోనులో ఆట చూస్తుంటాడని నేనూ చేసేదాన్ని కాదు.

వాడి శవం ఉన్న పెట్టెతో పాటు జగిత్యాల మనిషే మా ఊరికొచ్చాడు. ఆ పొద్దున నేను మనవరాలిని అంగడికి పంపి ఎరుపు, నలుపు రంగు కాగితాలు తెప్పించాను. మైదా జిగురు కాచాను. పాడె కడుతున్నంతసేపూ వసారాలో కూర్చుని అతికించాను. సూది ముట్టుకోలేదు.

జగిత్యాల మనిషి ఒక కొస, మా చిన్నోడు ఒక కొస పట్టుకొని వీధికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇదేం ఆచారం పెద్దమ్మా?" అన్నారు ఎవరో.

"మా పెద్దోనిది" అన్నాను.

పాడె మోసేవాళ్ళు దాని ముందుకొచ్చి ఆగిపోయారు. చింపడానికి వాళ్ళకు మనసొప్పలేదు. అందరూ నా వైపు చూశారు. పొమ్మని చెయ్యి ఊపాను.

"ఆగకుర్రి" అన్నాడు జగిత్యాల మనిషి. "చింపుకుంటనే పోవాలె."

ఒక్క చప్పుడు. మావాడు దాటిపోయాడు.

నేను గడపలో నిలబడి చూశాను. ముందు మోస్తున్నవాడి భుజానికి ఎర్ర కాగితం పీలిక ఒకటి అతుక్కుంది. వీధి మలుపు తిరిగేదాకా అది గాలికి ఎగురుతూనే ఉంది.