ఆ మంగళవారం అయిపోయింది

సంగీతం ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే ఆర్వెల్లా టిబ్స్ "కారు సీట్లు కుట్టే చోట" అనేది. అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

డెట్రాయిట్ తూర్పు వైపున్న కార్ల ఫ్యాక్టరీలో సీటు తొడుగులు కుట్టే పనికి చేరేనాటికి ఆమెకు ఇరవయ్యేళ్లు నిండలేదు. బెల్టు మీద తొడుగు వస్తుంది. అంచు మడవాలి, కుట్టాలి, పక్కకు నెట్టాలి. ఈలోగా ఇంకోటి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. నిన్నటి కుట్టూ రేపటి కుట్టూ ఒకటే. ఒకరోజు ఏమీ తోచక కుట్టును కాస్త వంపు తిప్పింది. చూడ్డానికి బాగానే ఉంది. ఫోర్‌మన్ ఆ తొడుగును అందరికీ కనబడేలా పైకెత్తి, "ఇదేమన్నా మీ అమ్మ కుట్టే బొంత అనుకున్నావా?" అన్నాడు.

"మా అమ్మ బొంతయితే నీ కింద పరవనిస్తానా?" అంది ఆర్వెల్లా.

ఆ మాటకి ఆమెను వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ వారంలోనే ఆమె చేతికి బేస్ వచ్చింది, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. తమ్ముడు లూషస్ చదివిన బడిలో పొట్ట పగిలిన పాత బేస్ ఒకటి పారేస్తుంటే, లూషస్, వాడి స్నేహితుడు మార్జెల్ కలిసి దాన్ని భుజాల మీద వేసుకుని వీధంతా మోసుకొచ్చారు. మనిషికన్నా పొడుగ్గా ఉన్న ఆ వాయిద్యాన్ని చూసి ఎదురింటావిడ అరుగు మీంచి లేచి నిలబడింది.

"ఎవరు పోయార్రా?"

"ఇంకా పోలేదు ఆంటీ. అక్క చేతికి ఇస్తున్నాం, తర్వాత చూడాలి" అన్నాడు లూషస్.

లూషస్‌ది సాక్సోఫోన్, మార్జెల్‌వి డ్రమ్స్. మొదట్లో ముగ్గురూ బార్లలో జనం డాన్సు చేసే పాటలు వాయించేవాళ్లు. ప్రతి రాత్రీ అదే పాట, అదే చోట అదే మలుపు. ఒకనాడు ఆర్వెల్లా బేస్‌ను గోడకి ఆనించి, "పొద్దున కుట్టిందే సాయంత్రం మళ్లీ కుట్టమంటున్నారు. నావల్ల కాదు" అంది. అప్పట్నుంచి ఇంటి కింద బేస్‌మెంట్‌లో వాళ్ల ముగ్గురిదీ ఒక పద్ధతి. ముందుగా అనుకున్న పాట ఉండదు, లెక్క కట్టిన తాళం ఉండదు, ముగ్గురిలో పెద్ద అంటూ ఎవరూ ఉండరు. ఒకసారి వాయించింది మళ్లీ వాయించకూడదు. ఎవరైనా పొరపాటున పాత ముక్కలోకి జారితే మిగతా ఇద్దరూ టక్కున ఆపేస్తారు. దొరికినవాడు మర్నాడు అందరికీ వేయించిన చేపలు తేవాలి. చేపలు ఎక్కువసార్లు తెచ్చింది మార్జెలే.

ఇలాంటి సంగీతానికి ఊళ్లు ఊళ్లే పేరు పెట్టుకున్నాయి, ఫ్రీ జాజ్ అని. వాళ్లింట్లో మాత్రం దానికి పేరు లేదు. వాళ్లమ్మ "ఆ గోల" అనేది. బారు యజమాని ఒకాయన ఒక్క సాయంత్రం వాయించనిచ్చి, "మీరు వాయిస్తున్నారా, సామాన్లు దించుతున్నారా?" అని అడిగి పంపేశాడు.

ఎవరూ చోటివ్వకపోతే ఏం? ఫ్యాక్టరీలో కొత్త మోడల్ కోసం యంత్రాలు మారుస్తూ పని ఆపేసిన రోజుల్లో ఒక మంగళవారం, చర్చి వెనకున్న హాల్లో టేపు రికార్డరు పెట్టుకుని వాయించారు. ఏ కంపెనీనీ అడగలేదు. రికార్డు వాళ్లే అచ్చు వేయించుకున్నారు. దాని పేరు 'ఎవరి కోసమూ ఆగం'. అట్టల మీద ఎర్రరంగు అక్షరాలు అన్నం తినే బల్ల మీదే అద్దారు. ఆ ఏడాదంతా వాళ్లింట్లో తిన్నవాళ్ల మోచేతులు ఎర్రగా ఉండేవి.

చుట్టాలు కొన్నారు, ఫ్యాక్టరీలో తోటివాళ్లు కొన్నారు. ఎదురింటావిడ రెండో రోజే తిరిగి పట్టుకొచ్చింది.

"పాడైంది ఇచ్చారు, మార్చండి. ముల్లు పెడితే చాలు, అరుస్తోంది."

"పాడవలేదు ఆంటీ, అది నేనే" అన్నాడు లూషస్.

మిగిలినవి డబ్బాల్లో పెట్టి బేస్‌మెంట్‌లో దాచారు. ఒక వేసవిలో కుండపోత వాన కురిసి, మురుగు కాలువ పొంగి బేస్‌మెంట్ నిండింది. అట్టలన్నీ ముద్దయిపోయాయి. చెత్తబండిలోకి ఎత్తారు. ఆ రికార్డు ఒకటీ అరా తప్ప ప్రపంచంలో ఎక్కడా దొరకనిది కావడం వెనకున్న కథ అంతే. కానీ చాలా ఏళ్ల తర్వాత, సముద్రాల అవతల రికార్డులు వెతికి పోగుచేసుకునేవాళ్లెవరో, ఆ కళాకారులు లోకం మీద కోపంతో తమ రికార్డుల్ని తామే ధ్వంసం చేశారని రాశారు. మార్జెల్ అది చదివి కుర్చీలోంచి జారిపడేలా నవ్వాడు. "ఆ పని చేసింది మనం కాదే ఆర్వెల్లా, మురుగు కాలువ!"

అప్పటికి లూషస్ లేడు. నలభయ్యో పడిలోనే గుండె ఆగి పోయాడు. ఆర్వెల్లా రిటైరయ్యేదాకా సీట్లు కుట్టింది. ఆదివారాలు చర్చి అయ్యాక, వాడలోని హాల్లో ఎవరు వస్తే వాళ్లతో బేస్ వాయించింది. ఒక్క ఏడాది కూడా మానలేదు. దాని గురించి ఎవరూ ఏమీ రాయలేదు. వేళ్ల కణుపులు వాచాయి. జుట్టు తెల్లబడింది. నోరు మాత్రం ఫోర్‌మన్ నాటిదే.

ఆ రికార్డును మళ్లీ బయటికి తెచ్చినవాడు డారియస్. మార్జెల్ మేనకోడలి కొడుకు, అదే వీధిలో పెరిగినవాడు, ఇప్పుడు ఊళ్లో ఒక పాత థియేటరును బాగుచేసి కచేరీలు నడుపుతున్నాడు. ఎక్కడో అటక మీద టేపు పట్టుకుని, విదేశీ కంపెనీతో మాట్లాడి రికార్డు మళ్లీ వేయించాడు. మొదటిది తెచ్చి ఆర్వెల్లా చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కసారి విని, "లూషస్ బాగా వాయించాడు. రెండో వైపు నేనే కొంచెం తొందరపడ్డాను" అని, లేచి వంటింట్లోకి వెళ్లి మొక్కజొన్న రొట్టె కోసిచ్చింది.

"దీనికో కచేరీ పెడుతున్నాం మిస్ ఆర్వెల్లా. ఎక్కడెక్కడి జనమో వస్తున్నారు. మీరూ మార్జెల్ తాతయ్యా ఉండాలి."

కచేరీ అన్న మాట ఆమె చెవికి తియ్యగా తగిలింది. అంత పెద్ద హాల్లో, తన సొంత ఊరి జనం ముందు, ఆమె ఎన్నడూ వాయించలేదు. సరేనంది. ఏం వాయించాలో ఆమె అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. వాళ్ల పద్ధతిలో ఆ ప్రశ్నే లేదు.

శనివారం మధ్యాహ్నం రిహార్సల్‌కి వెళ్తే, నిలబడే చోట ఇనుప స్టాండు మీద కాగితాలున్నాయి. ఆ నాటి మంగళవారం మొత్తాన్ని స్వరం స్వరం రాసిపెట్టారు. లూషస్ చోట జొనీషా అనే అమ్మాయి నిలబడి ఉంది. నెలల తరబడి రికార్డు ముందు కూర్చుని ఇదంతా రాసింది ఆమే.

"నా భాగం చూడనీ" అని ఆర్వెల్లా కళ్లజోడు పెట్టుకుని వంగింది. "ఇదంతా నేను వాయించానా? పాపం, ఎంత కష్టపడ్డానో!"

జొనీషా మొదలుపెట్టింది. ఆర్వెల్లా చేతిలో కమాను అలాగే ఆగిపోయింది. లూషస్! వాడి గరగర, వాడి ఎగపీల్పు, చివర్లో గొంతు చీలినట్టు లేచే ఆ కేక. మార్జెల్ కళ్లు తుడుచుకుంటూ వాయిస్తున్నాడు. ఒక్క క్షణం ఆమెకూ అందులోకి వెళ్లిపోవాలనిపించింది. కాగితం చూసి నాలుగు స్వరాలు వాయించింది కూడా.

ఆ తర్వాత రెండో వైపు వచ్చింది. రికార్డులో అక్కడ మార్జెల్ చేతి కర్ర విరిగి ఎగిరిపడుతుంది, సాక్సోఫోన్ నోట్లో ఉండగానే లూషస్‌కి నవ్వొస్తుంది. సరిగ్గా ఆ చోటికి రాగానే మార్జెల్ కర్ర ఫట్‌మని విరిగింది. జొనీషా "హ్హహా" అని నవ్వి, ఊపిరి పీల్చి, తర్వాతి వరుస అందుకుంది.

ఆర్వెల్లా ఆపేసింది. వంగి కాగితం చూసింది. అక్కడ రాసి ఉంది: 'నవ్వు, పొట్టిగా.'

మార్జెల్ విరిగిన కర్ర ముక్కను కాలితో స్టూలు కిందికి నెట్టబోయాడు. ఆమె తీసుకుని చూసింది. ముందే రంపంతో సగం కోసి ఉంది.

"ఇంట్లో కోసి తెచ్చావా?"

"లేకపోతే అది సమయానికి విరుగుతుందేమిటి?" అన్నాడు మార్జెల్, తల పైకెత్తకుండా.

"సిగ్గులేదూ? రేపు నన్ను కూడా సగం కోసి తెస్తావు."

"నీకన్నీ వెటకారమేనే. వాణ్ణి ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని వాయించాలని ఉంది నాకు. తప్పా?"

"తప్పు కాదు. కానీ వాడు వాడే అయితే, ఈపాటికి నీ చేత చేపలు తెప్పించి ఉండేవాడు."

జొనీషా బిక్కమొహం వేసింది. "తప్పుల్లేకుండా రావాలని చూశానండీ."

"మాకే రాలేదు తల్లీ తప్పుల్లేకుండా. నువ్వు నిజంగా గొప్పగా వాయించావు. కానీ ముప్పయ్యేళ్లకు పైగా ఒకే కుట్టు కుట్టాను. ఇదొక్కటే నేను కుట్టు కలపనక్కర్లేని చోటు. దీన్ని కూడా బెల్టు మీదికి ఎక్కించను." ఆర్వెల్లా బేస్‌కి సంచీ తొడిగింది. "ఆ మంగళవారం అయిపోయింది."

"పొగరు! నీ పొగరుతో నువ్వే వాయించుకో" అన్నాడు మార్జెల్. మర్నాటి నుంచి ఫోను కూడా ఎత్తలేదు.

రెండు రోజులు పోయాక డారియస్ అరుగు మీదికొచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"రికార్డు మొదట్నుంచి చివరిదాకా అని పోస్టర్లు వేశాం మిస్ ఆర్వెల్లా. జనం దానికోసమే వస్తున్నారు. మీకు ఇష్టం లేకపోతే... కాలేజీలో బేస్ చెప్పే ప్రొఫెసరు గారున్నారు. మీ భాగం మొత్తం ఆయనకి వచ్చు."

"నా భాగం ఆయనకి వచ్చా?"

"పూర్తిగా."

"నాకే రాదు" అంది ఆర్వెల్లా.

వీధి వైపు తిరిగింది. తాను బతికుండగానే, తన ఊరి జనం ముందు, తన చోట ఇంకొకరు నిలబడి తన పాత వేళ్లను వాయించి చూపిస్తారు. తనే వెళ్లి కాగితం చూసి వాయిస్తే, ఆ నకలు పని తన చేత్తో తనే చేసినట్టు.

"నేనొస్తాను" అంది చివరికి. "ఏం వాయిస్తానో నాకే తెలీదు, నీకేం చెప్పను? ముందే చెప్తున్నాను నాయనా, ఆ కాగితం మాత్రం వాయించను. ఆ ప్రొఫెసరు గారిని కూడా తెచ్చుకో. నేను నిలబడి ఉండగా నా చోటికి రాగలిగితే రమ్మను."

ఆ వీధిలో పెరిగినవాడు కాబట్టి డారియస్ ఇంకేం అనలేకపోయాడు. అయినా ప్రొఫెసరును తెచ్చాడు. కచేరీ సాయంత్రం ఆయన తెర పక్కన తన బేస్ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. హాలు నిండిపోయింది. ముందు వరసల్లో దూరదేశాల వాళ్లు, వెనక ఫ్యాక్టరీలో సీట్లు కుట్టిన ఆడవాళ్లు, ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీలతో.

జొనీషా కాగితం చూసి మొదలుపెట్టింది, అచ్చం రికార్డులోలాగే. మార్జెల్ కూడా అలాగే అందుకున్నాడు. బేస్ చేరాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఆర్వెల్లా కదల్లేదు. తెర పక్కన ప్రొఫెసరు ఒక అడుగు ముందుకేశాడు. ఆమె అటు తిరిగి చూసింది. ఆయన ఆగిపోయాడు. అప్పుడు ఆమె అన్నిటికన్నా లావుపాటి తీగ మీద కమానును ఒత్తి లాగింది. బస్సు బ్రేకు వేసినట్టు లేచింది శబ్దం.

ముందు వరసలో ఒకాయన ఒళ్లో ఎర్ర అక్షరాల పాత అట్ట ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు. "ఇది కాదు! రికార్డులో ఇలా లేదు!"

"రికార్డు నీ దగ్గరుందిగా బాబూ. ఇంటికెళ్లి వినుకో" అంది ఆర్వెల్లా, వాయించడం ఆపకుండానే. "ఇక్కడ నేనున్నాను."

వెనక నుంచి టోపీలు కదిలాయి. "చెప్పమ్మా, చెప్పు!" "వదలకు సిస్టర్!" కొందరు మాత్రం లేచి వెళ్లిపోయారు. తలుపు రెండు మూడుసార్లు చప్పుడైంది. అట్ట ఉన్నాయన నిలబడే ఉన్నాడు.

జొనీషా కళ్లు కాగితం మీద పరుగెడుతున్నాయి. రాసుకున్న వరుస ఈ శబ్దం పక్కన ఎక్కడా కూర్చోవడం లేదు.

"నన్ను కాగితంలో వెతక్కు తల్లీ. ఇటు చూడు."

ఆ అమ్మాయి ఆగిపోయింది. సాక్సోఫోన్ నోటికి ఉంది కానీ ఊదడం లేదు. తర్వాత ఒక్క స్వరం వచ్చింది, బొంగురుగా, కోణాలు తేలినట్టు. తన శబ్దానికి తనే బెదిరింది. మళ్లీ అదే ఊదబోయి, మానుకుని, పక్కకు తిప్పింది. ఆర్వెల్లా దాని కిందికి వెళ్లి పైకి నెట్టింది.

మార్జెల్ మాత్రం పంతంగా ఆ పాత మంగళవారాన్నే కొడుతున్నాడు. ఒక్కడే. కొంతసేపటికి అతని చేతులు మెల్లబడ్డాయి. కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు అతన్ని దాటుకుని వాయిస్తూ వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కడ చేరాలో చెప్పవే" అన్నాడు. మైకు ఉండటంతో హాలంతా విన్నది.

"అప్పుడు చెప్పానా?"

"లేదు."

"మరి ఇప్పుడెందుకు చెప్తాను?"

మార్జెల్ ఆమెనీ, ఆమె పొగరునీ, ఆ రోజు బేస్‌ను భుజాన మోసిన తన బుద్ధితక్కువతనాన్నీ కలిపి ఒక తిట్టు తిట్టాడు. ఎవరూ అనుకోని చోట, రెండు చేతులూ పైకెత్తి, బలమంతా పెట్టి డ్రమ్స్ మీదికి దిగాడు. ఆ దెబ్బకి స్టాండు మీది కాగితాలు చెదిరాయి. ఎవరూ వాటికోసం వంగలేదు.