తిమ్మరాయప్ప కొన్న ఊదారంగు ఫ్రేము

బెంగళూరు చిక్కపేటలోని ఒక పట్టుచీరల అంగడిలో తిమ్మరాయప్ప ఇరవై ఏళ్ళుగా చీరలు పరుస్తున్నాడు. ఏ చీరనైనా అరచేతిలోకి తీసుకుని, ఒక క్షణం కళ్ళు మూసుకుని, దాని బరువు ఇంత అని చెప్పేయడం ఆయన ప్రత్యేకత. కొనడానికి వచ్చినవాళ్ళు నోరు తెరిచేవారు. ఆ చీరను తక్కెడలో వేసి చూడాలని ఎవరికీ తోచలేదు గనుక ఆయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, దానికి తగ్గ ఒళ్ళు. అంగడిలో ఆయన కూర్చున్న పరుపు మీద ఇంకొకరికి చోటుండేది కాదు.

రెండువేల ఆరులో దొడ్డబళ్ళాపురంలో బంధువుల పెళ్ళి జరిగింది. ఆయన భార్య సొన్నమ్మకు అన్న పెద్దమునియప్ప ఆ ఊళ్ళోనే మరమగ్గాలు నడుపుతాడు. పంక్తి భోజనం దగ్గర ఆ బావ, తాను గేర్ల సైకిలు కొన్నానని, ప్రతి ఆదివారం దగ్గర్లోని నందికొండ మీదికి తొక్కుతున్నానని అందరికీ వినబడేలా చెప్పాడు. అంతటితో ఊరుకోక, బెంగళూరు వాళ్ళకు బస్సు మెట్లెక్కడమే గగనమని నవ్వాడు. పంక్తి మొత్తం తిమ్మరాయప్ప వైపు తిరిగింది. ఆయన నోటినిండా హోళిగె, అదే బొబ్బట్టు, ఉంది. నమిలి మింగడానికి పట్టిన సమయంలో కాస్త ఆలోచించుకుని ఉంటే సరిపోయేది. మింగీ మింగగానే, ఉగాదిలోపల తానూ సైకిలు మీద ఆ కొండ ఎక్కి చూపిస్తానని అనేశాడు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు కథ. కొండలెక్కే విదేశీ సైకిళ్ళ ధరలు వినగానే ఆయనకు దాహం వేసింది. ముందు ఫ్రేము ఒక్కటి తేలికైనది కొనుక్కుని, మిగతావి మామూలువి బిగించుకుంటే చవకని ఎవరో చెప్పారు. దాంతో ఆదివారాలన్నీ సైకిలంగళ్ళ చుట్టూ తిరిగాడు. ముందు చక్రానికి మాత్రం కుదుపు మింగే స్ప్రింగు ఉండి, వెనక ఏమీ లేకుండా బిగువుగా ఉండే రకాన్ని హార్డ్‌టెయిల్ అంటారని నేర్చుకున్నాడు. వెనక కూడా స్ప్రింగు పెట్టిన రకం బరువెక్కువ, ధర అంతకంటే ఎక్కువ. "యెనక స్ప్రింగు దేవుడు నాకే ఇచ్చుండాడు, దానికి దుడ్డు యాల పెట్టేది" అన్నాడు సొన్నమ్మతో.

తక్కినదంతా తనకు తెలిసిన భాషలోకి మార్చుకున్నాడు. ఉక్కు ఫ్రేమంటే నిండు జరీ చీర, గట్టిదే గాని మోయలేం. అల్యూమినియం మెత్తని పట్టు. కార్బన్ ఫ్రేమును ఒకే ఒక్కసారి ముట్టుకున్నాడు. ధర చెప్పగానే వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాషింగ్ మెషీన్ కోసం దాచిన డబ్బులోంచే ఫ్రేము కొనాలని తేలింది. సొన్నమ్మ బట్టలుతికే సబ్బు ఒకటికి రెండు కొనిపెట్టింది.

చివరికి మడివాళలో కెవిన్ అనే గుంటూరు కుర్రాడి సంగతి తెలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, పీజీ మేడమీది గదిలో ఫ్రేములు తెచ్చి అమ్ముతుంటాడు. ఆ గదిలో ఫ్రేములన్నీ బట్టల తీగకు వరసగా వేలాడుతున్నాయి. తిమ్మరాయప్ప కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూశాడు. ఊదారంగుది చేతికి రాగానే ఆయన మొహం వెలిగిపోయింది. ధర కూడా అన్నిటికంటే తక్కువ.

కెవిన్ ఇబ్బందిగా కదిలాడు. "అంకుల్, అది స్మాల్ సైజు. మీ హైట్‌కి సెట్ అవ్వదు. ఈ గ్రే కలర్‌ది కొంచెం రేటెక్కువ, కానీ మీకు కరెక్ట్‌గా సరిపోతుంది."

తిమ్మరాయప్ప చిరునవ్వు నవ్వాడు. "మీకైతే ఇదే బాగుంటుందమ్మా అని చెప్పి ఇరవై ఏండ్లుగా రేటెక్కువ చీరలు అమ్మతా ఉండాను నాయనా. నాకే చెప్తావా."

కెవిన్ ఊదారంగుదాన్నే తీగ మీంచి విప్పి ఇచ్చాడు.

ఫ్రేము భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టరు లగేజీ టికెట్టు కొట్టబోయాడు. బరువే లేని వస్తువుకు లగేజీ ఏమిటని తిమ్మరాయప్ప వాదించాడు. నమ్మకపోతే ఎత్తి చూడమన్నాడు. కండక్టరు ఎత్తి చూసి, నిజమే అనిపించి, వెనక సీటు పెద్దమనిషికి అందించాడు. ఆయన పక్కావిడకు ఇచ్చాడు. అలా చేతులు మారుతూ ఫ్రేము వెనక గుమ్మం దాకా వెళ్ళిపోయింది. అది తిరిగొచ్చేసరికి తిమ్మరాయప్ప దిగాల్సిన స్టాపు దాటిపోయింది. టికెట్టు ఎలాగూ కొట్టారు.

వారం తర్వాత కెవిన్ చక్రాలూ గేర్లూ తెచ్చి ఇంటి దగ్గరే బిగించాడు. బిగించే ముందు ఫ్రేమును కొక్కెం కాటాకు తగిలించి చూసి, అన్నిట్లోకీ తేలికైనది ఇది కాదనీ, గదిలో ఉన్న ఎర్రదనీ మెల్లగా చెప్పాడు. కాటా చెడిపోయిందని తిమ్మరాయప్ప తేల్చేశాడు.

వీధిలోకి తీసి ఎక్కి కూర్చున్నాడు. తొక్కడం మొదలుపెట్టగానే మోకాళ్ళు రెండూ చెవుల పక్కకు వచ్చాయి. మలుపు తిప్పబోతే హ్యాండిలు వెళ్ళి మోకాలికి కొట్టుకుంది, అందుకని నేరుగానే పోవలసి వచ్చింది. దూరం నుంచి చూస్తే ఒక పెద్ద మిడత అగ్గిపుల్ల మీద కూర్చుని పోతున్నట్టుంది. ఎదురింటి నంజమ్మ బియ్యం ఏరడం ఆపి, ఏ పిల్లవాడి సైకిలు లాక్కున్నావని అడిగింది. కొత్త చెప్పులలాగే ఇది కూడా వాడగా వాడగా సాగుతుందని ఆయన జవాబిచ్చాడు.

సొన్నమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "దిగప్పా, ఒక తూరి నేను చూస్తా" అంది.

ఆమె పొట్టి మనిషి. పుట్టింట్లో చిన్నప్పుడు అన్న సైకిలు మీద నూలు కండెల బుట్టలు మోసిన అలవాటుంది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది, ఎక్కింది, వీధి చివర తిరిగి కనబడకుండా పోయింది. పది నిమిషాలైనా రాలేదు. తిమ్మరాయప్ప చెప్పులేసుకుని వెతకడానికి బయల్దేరేసరికి, హ్యాండిలుకు కొత్తిమీర సంచి వేలాడేసుకుని ఎదురొచ్చింది. సైకిలు ఆమె కొలత తీసి కుట్టించినట్టుంది.

ఆ రాత్రి ఆయన సరిగా అన్నం తినలేదు. "ఎక్కతామని చెప్పింది మనింటి మాట. దాన్ని ఎవరు తీరిస్తే ఏమి" అంది సొన్నమ్మ, పెరుగు వడ్డిస్తూ. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ ఆలోచించాడు. మరునాడు తెల్లవారగానే తన పాత నల్ల సైకిలు తుడిచి, ఆమె వెంట సాధనకు బయల్దేరాడు. తానెన్నడూ వాడని గేర్ల గురించి దారిపొడుగునా ఆమెకు పాఠాలు చెప్పాడు. ఆమె చుడీదారు కుట్టించుకుంది. పాఠాలు వినబడనంత ముందుకు పోవడం కూడా త్వరలోనే నేర్చుకుంది.

ఉగాదికి ముందు ఆదివారం, బావ టెంపోలో సైకిళ్ళన్నీ వేసుకుని కొండ కిందికి చేరారు. ఎక్కుతానన్న మనిషివి చెల్లెల్ని తెచ్చావేమని పెద్దమునియప్ప నిలదీశాడు. ఫ్రేము తనదేనని తిమ్మరాయప్ప చెప్పాడు.

బావ బాణంలా దూసుకుపోయాడు. సొన్నమ్మ అన్నిటికంటే చిన్న గేరులో, వడ్లు దంచినంత నిదానంగా తొక్కుతూ పోయింది. తిమ్మరాయప్ప రెండో మలుపు దగ్గరే దిగి సైకిలు తోసుకుంటూ నడిచాడు. అలా నడిచి నడిచి ఒక మలుపు తిరిగితే, పెద్దమునియప్ప గోడ మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఆ చోట సిగ్నలే లేదు. మొహం కందగడ్డలా ఉంది.

"సొన్న పోయిందా?" అన్నాడు తిమ్మరాయప్ప, రొప్పుతూ.

"అప్పుడే. మాటాడలేదు బావా. గంట మాత్రం కొట్టింది."

తిమ్మరాయప్ప పక్కనే చతికిలబడ్డాడు. తన సీసాలోని మజ్జిగ సగం తాగి, సగం బావకిచ్చాడు. చైను జారింది కాబట్టే ఆగానని పెద్దమునియప్ప అన్నాడు. ఈ కంపెనీ చైనులు జారతాయని తిమ్మరాయప్ప ఒప్పుకున్నాడు. కాసేపటికి కింది నుంచి వచ్చిన టెంపోలో సైకిళ్ళు ఎక్కించి, వాళ్ళూ ఎక్కారు.

పైన సొన్నమ్మ ఉప్పుకారం చల్లిన దోసకాయ ముక్కలు తింటోంది. జుట్టంతా రేగిపోయి, బుగ్గలు ఎర్రగా కంది ఉన్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను అంత సంతోషంగా తానెప్పుడు చూశానా అని తిమ్మరాయప్ప వెతుక్కున్నాడు. గుర్తురాలేదు. ఆమె చెరో ముక్కా ఇచ్చింది. టెంపో సంగతి ఏమీ అడగలేదు.

దిగేటప్పుడు అందరం బండిలోనే పోదామని అన్న ఎంత చెప్పినా వినక, సైకిలెక్కి ముందు వెళ్ళిపోయింది. టెంపో వెంటపడింది. డ్రైవరు దాటిపోవడానికి హారన్ కొట్టబోతే, బావలిద్దరూ ఒకేసారి అతని చెయ్యి పట్టుకున్నారు.

"దాటొద్దప్పా, నిదానంగా యెనకే పోనీ" అన్నాడు పెద్దమునియప్ప.

వెనక కార్లవాళ్ళు హారన్లు మోగిస్తూనే ఉన్నారు. తిమ్మరాయప్ప కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కాస్త ఆగమన్నట్టు వాళ్ళకు కొండ కింది దాకా ఊపుతూనే ఉన్నాడు.