ముందే రాసిన ఇరవై చీటీలు

ముప్పై ఒక్క ఏళ్ల ప్రాక్టీసులో ఆ డాక్టరుగారు ఒక్క మనిషి మొహం కూడా చూడలేదు. జనాన్ని చీలమండలను బట్టే గుర్తుపట్టేవారు. ఒకసారి బ్యాంకులో తెర కింద కనిపించిన రెండు పాదాలను చూసి, "మేనేజరుగారూ, ఎడమ కాలికి కట్టిన బ్రేస్ అప్పుడే తీసేశారేం?" అని కేకేస్తే, లోపలున్నాయన వెనక తలుపులోంచి పరుగో పరుగు.

సరే, ఒక్క మొహమూ చూడలేదంటే మరీ ఎక్కువ. భార్య మొహం చూశారు. అక్క మొహం చూడక తప్పదు, ఆవిడ క్లినిక్ గుమ్మంలోనే బల్ల వేసుకుని పేర్లు రాసుకుంటూ కూర్చుంటుంది కనుక. మేనేజరు పరుగు సంగతి కూడా అబద్ధమే. ఆ కాలితో ఎక్కడ పరుగెత్తుతాడు!

పద్ధతి మాత్రం నిజం. కాలు బెణికిందని ఎవరొచ్చినా డాక్టరుగారు చిన్న పీట లాక్కుని వాళ్ల పాదాల ముందు కూర్చునేవారు. బొటనవేలితో చీలమండ చుట్టూ, గడియారం ముల్లు తిరిగినట్టు, నొక్కుకుంటూ వచ్చేవారు. తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ల మీద లేవమనేవారు. ఎలా లేవాలో ముందు తానే లేచి చూపించేవారు. అప్పుడు గానీ చీటీ రాసేవారు కాదు. బయటి వైపు బెణికితే రెండు పక్కలా గట్టి రేకులున్న బ్రేస్. లోపలి వైపు టెండన్, అంటే కండను ఎముకకు పట్టి ఉంచే తాడు, నొప్పెడితే పాదం వంపును ఎత్తి పట్టే బ్రేస్. రెండూ ఒకే అరలో ఉంటాయి, చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

భార్య పోయిన నాలుగో రోజునే ఆయన పనిలోకి వచ్చేశారు. గడ్డం గీసుకున్నారు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు. ఎవరైనా పలకరిస్తే "బాగానే ఉన్నాను" అన్నారు. ఏడవలేదు, విసుక్కోలేదు. కాఫీ చల్లారినా తాగారు, చక్కెర మరిచిపోయినా తాగారు. తేడా ఒక్కటే. పీట బల్ల కిందికి వెళ్లిపోయింది. రోజూ పొద్దున తలుపు తీయక ముందే ఇరవై చీటీలు రాసి దొంతర పెట్టుకునేవారు: చీలమండ బ్రేస్, రెండు పక్కలా రేకులున్నది, ఆరు వారాలు. పేరుకూ, ఏ కాలో రాయడానికీ మాత్రం ఖాళీ. వచ్చేవాళ్లలో ఎక్కువమందివి బయటి బెణుకులే కాబట్టి ఎక్కువమందికి నయమయ్యేది. ఎవరికీ అనుమానం రాలేదు.

అక్కకు తప్ప.

"ఒరేయ్, నువ్వా పీట ముట్టుకుని పదకొండు నెలలైంది. దాని మీద నేను కాళ్లు చాపుకోనా?"

"చాపుకో అక్కా."

ఆవిడ కాళ్లు చాపుకోలేదు. ఇదివరకైతే ఆ పీట జోలికెళితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు.

ఒక గురువారం, ఉత్తరాలు పంచే ఆవిడ కుంటుకుంటూ రెండోసారి వచ్చింది. వస్తూనే బ్రేస్ తీసి బల్ల మీద పడేసింది.

"ఇదిగోండి డాక్టరుగారూ. ఆరు వారాలు పసిబిడ్డలా చూసుకున్నాను. నొప్పి పెరిగిందే గానీ తగ్గలేదు."

"ఇంకో నాలుగు వారాలు వాడండి."

"నాలుగు వారాలా! సోమవారానికల్లా నడవకపోతే నా వీధులు ఇంకొకరికిచ్చేస్తామన్నారండీ. నన్ను కింద గదిలో కట్టలు విడదీయడానికి కూర్చోబెడతారట. పదహారేళ్ల నుంచి తిరుగుతున్న వీధులు. ఏ ఇంటి కుక్క ఏ కాలి మీద పడుతుందో కూడా నాకు తెలుసు."

ఆయన దొంతరలోంచి ఇంకో చీటీ తీశారు. ఆవిడ ఆ చీటీ చూసింది, దాని కిందిది చూసింది, దాని కిందిదీ చూసింది.

"ఇవన్నీ ముందే రాసేశారా?"

ఆయన చీటీలో ఆవిడ పేరు రాయబోయారు.

"అడ్రసు చదవకుండా నేనింతవరకు ఒక్క ఉత్తరం కూడా వేయలేదండీ," అంది నెమ్మదిగా.

సిగ్గుపడాలని ఆయనకు తెలుసు. సిగ్గు మాత్రం రాలేదు. అంతలో అక్క లోపలికొచ్చి, కాలితో పీటను బయటికి తోసింది. "కూర్చోరా."

కూర్చున్నారు. చీలమండ లోపలి ఎముక కింద నొక్కగానే ఉత్తరాలావిడ కెవ్వుమంది. "మునివేళ్ల మీద లేవండి," అన్నారాయన.

"ఎలా?"

అలవాటు కొద్దీ లేచి, గోడ పట్టుకుని, ఎడమ కాలి మీద చూపించబోయారు. మడమ లేవలేదు. మళ్లీ ప్రయత్నించారు. ఆ మడమ ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డారు.

ఉత్తరాలావిడ వంగి ఆయన మేజోడు కిందికి లాగింది. చీలమండ లోపలి వైపు ఉబ్బి ఉంది. "ఇక్కడ నొప్పా?"

"ఏమో," అన్నారు.

"ఆ రోజు మరదలిని స్ట్రెచరు మీద దించుతుంటే రెండో అంతస్తు మలుపులో వీడి కాలు జారింది," అంది అక్క, గోడకేసి చూస్తూ. "బెణికిందా అని అడిగితే లేదన్నాడు. పదకొండు నెలలు దీని మీదే నడిచాడన్నమాట."

ఆయన మళ్లీ పీట మీద కూర్చుని తన చీలమండ తానే నొక్కుకున్నారు. చాలాసేపు నొక్కారు. తర్వాత ఉత్తరాలావిడతో, "మీది టెండన్. తప్పు నాది," అన్నారు. కొత్త చీటీ రాశారు, ఈసారి వంపును ఎత్తి పట్టే బ్రేస్. ఆవిడ ఆఫీసుకు ఉత్తరం కూడా రాశారు: బ్రేస్ తప్పుగా రాసింది తానేననీ, ఎనిమిది వారాలు కూర్చునే పని ఇచ్చి వీధులు ఆవిడ పేరునే ఉంచాలనీ. కింద సంతకం పెట్టి, ముద్ర వేశారు.

వీధుల్లో సగం నిలిచాయి, చదునుగా ఉన్నవి. ఎత్తు వీధులు ఇంకొకరికి పోయాయి. ఇప్పుడావిడ ఉత్తరాలు తేవడానికి వస్తే, గుమ్మంలో అక్కతో కాసేపు కుక్కల కబుర్లు చెప్పి వెళుతుంది. రాసి ఉంచిన చీటీల వెనకవైపు అక్క వరస నంబర్లు వేసి, వచ్చినవాళ్లకు ఇస్తోంది.

అక్క దగ్గర విన్న ఇదంతా నేను డాక్టరుగారి ముందు చెప్పి, నిజమేనా అని అడిగితే, ఆయన పీట మీంచి తలెత్తకుండానే జవాబు చెప్పారు.

"అంతా మా అక్క కల్పన. చీటీలు నేనెప్పుడూ ముందే రాయలేదు. ఉత్తరాలావిడ కాలు మొదటి రోజే నొక్కి చూశాను. మెట్ల మీద నా కాలు జారలేదు. నాకు నొప్పి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తర్వాతివాళ్లను రమ్మనండి."