అడుగంటిన పాలు

అందరూ ఆమెను ఫ్రిజ్ అక్క అంటారు. ఆగిపోయిన చల్లదనాన్ని మళ్లీ నడిపించడం ఆమె పని. తలుపుకి చెవి ఆనించి ఒక్క క్షణం వింటే చాలు, మోటారు ఎక్కడ దగ్గుతోందో చెప్పేస్తుంది. ఎక్కని దుకాణం మెట్టు లేదు, ఒక్కటి తప్ప. అది వాళ్ల నాన్న పెట్టిన ఐస్‌క్రీం కొట్టు.

ఆమె చిన్నతనమంతా అక్కడే ఉంది. నీలం గచ్చు. తడి చెక్క బకెట్టులో ఐసుముక్కలు ఉప్పుతో గొడవపడే చప్పుడు. మధ్యలో రేకు డబ్బా, దాని పిడి తిప్పుతూ నాన్న. బడి నుంచి రాగానే మొదటి చెంచా ఆమెదే. ఆ తీపి వెనకాల ఎక్కడో సన్నని పొగ వాసన, వాన వెలిశాక ఎవరింట్లోనో పొయ్యి రాజేసినట్టు.

ఒకసారి నాన్న పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోయాడు. అడుగంటాయి. పారబోయడానికి మనసొప్పక వాటితోనే ఐస్‌క్రీం చేశాడు. మర్నాడు వచ్చినవాళ్లంతా అదే కావాలన్నారు. అప్పట్నుంచీ రోజూ కావాలనే అడుగంటనిచ్చి, గరిటె తగలకుండా పైపాలు వంచుకునేవాడు. బాబాయి అడిగితే కొలతలన్నీ పుస్తకంలో రాసిచ్చాడు, ఇదొక్కటి తప్ప.

"పాలు మాడ్చమని రాస్తే నవ్విపోరుటే?" అన్నాడు కూతురితో, సిగ్గుపడుతూ.

పుస్తకం చేతికొచ్చాక బాబాయి నాన్నకు తెలియకుండా కొట్టు తన పేరున మార్చుకున్నాడు. ఆ వేసవిలో కూతురు ఐస్‌క్రీం కావాలని మారాం చేస్తే నాన్న చెయ్యి పట్టుకుని ఆ కొట్టుకే తీసుకెళ్లాడు.

"అందరిలాగే లైన్లో రా అన్నయ్యా," అన్నాడు బాబాయి.

ఎండలో నిలబడ్డారు. వంతు వచ్చింది. బాబాయి సగం నిండిన డబ్బామీద మూతపెట్టి "అయిపోయింది" అన్నాడు. ఆ తర్వాత నాన్న బతికినన్నాళ్లూ ఐస్‌క్రీం ముట్టలేదు.

నలభై ఏళ్లకు ఆ కొట్టు నుంచే ఫోనొచ్చింది. ఫ్రీజరు ఆగిందట. వెళ్లింది.

"అన్నయ్య కూతురివి కదూ? జుట్టంతా నెరిసిపోయిందేమే!"

"ఫ్రీజరెక్కడ బాబాయ్?"

అరగంటలో బాగుచేసింది. ముసలాయన స్టూలుమీద కూలబడ్డాడు.

"అది బాగుపడినా కొట్టు బాగుపడదులే. 'పాత రుచి' అని బోర్డు పెట్టాను. తిన్న ప్రతివాడూ 'అది కాదండీ' అనేవాడే. నెలాఖరుకి మూసేస్తున్నా. మీ నాన్న ఏం కలిపేవాడే? పోయేలోగా ఒక్కసారి తినాలనుంది."

"చేసిపెడతా. లోపలికి మాత్రం రాకండి."

అద్దాల బీరువాలో అలంకారానికి పెట్టిన నాన్న చెక్క బకెట్టును దించి కడిగింది. పొయ్యిమీద పాలు పెట్టి, కదపకుండా చూస్తూ నిలబడింది. వాసన వంటగది దాటింది.

"అమ్మాయ్, పాలు మాడుతున్నాయే! ముక్కుందా లేదా?" బయట్నుంచి బాబాయి అరిచాడు.

"చూస్తూనే ఉన్నా బాబాయ్."

నలభై ఏళ్లు వెతికిన రహస్యం ఆయన ముక్కులోకి దూరి, గుర్తింపు లేక బయటికి వెళ్లిపోయింది.

సాయంత్రం బడి వదిలారు. పిల్లలు, వాళ్ల తల్లులు, ఎదురింటి రిటైరైన టీచరమ్మ వరస కట్టారు. బాబాయి కప్పు పట్టుకుని నేరుగా కౌంటరు దగ్గరికొచ్చాడు.

"లైన్లో రండి బాబాయ్."

ఆయన వెళ్లి చివర నిలబడ్డాడు. టీచరమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇదేనమ్మా. ఇన్నాళ్లూ ఏమైపోయింది ఇది?" ఆ మాటకు బాబాయి వరసలోంచి మెడ సాచి డబ్బాలోకి చూశాడు.

ఆయన వంతు వచ్చింది. డబ్బాలో ఇంకో కప్పుకి సరిపడా ఉంది. అది ఆయనకూ కనిపిస్తోంది.

"అయిపోయింది," అందామె.

స్టూలు లాక్కుని, ఆయన ఎదురుగానే, డబ్బా ఒళ్లో పెట్టుకుని తింది. అంచులు గీకి మరీ తింది. నాన్న వంతు కూడా తింది.

తర్వాత పాలగిన్నె ముందేసుకుంది.

"ఆ మాడు నీకెందుకే, పొద్దున పనిమనిషి తోముతుంది," అన్నాడాయన నీరసంగా.

"వద్దు. ఇది నేనే తోమాలి."

అడుగున నల్లమరక ఒక్కటీ మిగలకుండా, తన మొహం కనిపించేదాకా తోమి, గిన్నె ఆయన చేతికిచ్చి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంది.