గోడ మీది బిడ్డ

కల్వకుర్తి దాటాక ఒక ఊళ్లో మా బస్సు చెడిపోయింది. ఎండకు నిలవలేక రోడ్డు పక్కనున్న చిన్న చర్చిలోకి వెళ్లాను. లోపల ఒక ముసలమ్మ తప్ప ఎవరూ లేరు. ఎదుటి గోడ నిండా ఒకటే బొమ్మ. నడుంలోతు నీళ్లలో నిలబడిన యేసు, ఆయన చేతులు పట్టుకుని ఒడ్డెక్కుతున్న కూలి ఆడవాళ్లు. కొందరి మెడలో శిలువ, కొందరి నుదుట బొట్టు.

నేను బొట్టు వైపే చూడడం ఆమె గమనించింది. "నాట్లకు పోతుంటే ట్రాక్టర్ కాలువల పడ్డది బిడ్డా. ఒక్కరు బతకలే. గా ఎర్రచీర నా బిడ్డ."

"మీరు ఈ చర్చికి వస్తారా?"

"లే, మేం గొల్లోళ్లం, మల్లన్నకు మొక్కుతం. గీడ బొట్టెందుకని కొందరన్నరట. అందరు ఒక్కకాడనే పోయిండ్రు, ఎట్ల ఇడదీస్తమని ఫాదర్ గట్లనే గీయించిండు. దాని ఫోటో లేకుండె. నా మొఖం చూసుకుంట గీసిండ్రు."

నిజమే, ఆ ఎర్రచీరలో ఉన్నది వయసులో ఉన్నప్పటి ఆమే. మేకలను మేతకు విడిచి రోజూ కాసేపు ఇక్కడ కూర్చుంటుందట.

బయట మా డ్రైవర్ హారన్ కొట్టాడు. లేస్తూ, "మీ పేరేంటమ్మా?" అన్నాను.

"యాదమ్మ," అంటూ ఆమె ఎర్రచీరను చూపించింది. తర్వాత నన్ను మరిచిపోయి, గోడవైపు తిరిగి, పిలిచినట్టు మెల్లగా మళ్లీ అంది, "యాదమ్మా."